నడి ఏట్లో ఆపిన మనిషి

మా ఆయన కొన్నాళ్ళు నది మధ్యలో ఉండిపోయారు.

చూసేవాళ్ళకు మాత్రం కాటన్‌పేటలో తన అగరబత్తుల కొట్లోనే కనబడేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవారు, పెరుగన్నం దాకా మాటా పలుకూ లేకుండా తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవారు. కానీ మనసు నది మధ్యలోనే ఉందని నాకు తెలుసు. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె ఆయన్ని అక్కడ ఆపేసింది. చేతిలో తెడ్డు, చుట్టూ మంచు, ఏ వైపూ ఒడ్డు లేదు. అక్కడిదాకా తెచ్చి, "సాకప్పా, ఇంక చాలు, పొండి. వచ్చే శనివారం చూస్తాము" అంది. వచ్చే శనివారానికి ఆమె లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఇదంతా ఆటలో సంగతి. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నలుగురైదుగురు చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఇదిగో అడవి, ఇదిగో కోట, అదిగో కొండ మీద రెక్కల పాము అంటారు. తక్కినవాళ్ళు తలా ఒక వేషం ఎత్తుకుని, కూర్చున్నచోటి నుంచి కదలకుండా, మాటలతోనే ఆ కథలో తిరుగుతారు. తలపెట్టిన పని నెరవేరుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు. కథ నడిపేవాళ్ళను గేమ్ మాస్టర్ అంటారు. ఆమె గేమ్ మాస్టర్. నేనూ గేమ్ మాస్టర్‌నే. ఈ రెండో మాట ఇప్పుడు ఎవరికీ గుర్తు రావడం లేదు.

ఆమెను అందరూ 'మిస్' అనేవారు. కన్నడ సరిహద్దులో తెలుగు మాట్లాడే పావగడ వైపు మనిషి. ఏదో సర్కారు బళ్ళో ఆటలు నేర్పే టీచరుగా చేసి రిటైరై, కాడుగోడిలో మేడ మీది రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. ఆడపిల్లలకు ఖోఖో నేర్పడంలో ఆమెకు పెద్ద పేరట. పెరిగి పెద్దవాళ్ళై ఆఫీసుల్లో చేరిన ఆ పిల్లలే ఈ పాచికల ఆట తెచ్చి ఆమెకు నేర్పారు. నేర్చుకున్న ఏడాదికల్లా వాళ్ళు కథ నడపడం మానేసి ఆమె ముందు చాప మీద కూర్చున్నారు.

నా సంగతి వేరు. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. మా అవ్వే ఇంట్లో పెట్టుకుని తెలుగు, కన్నడం, లెక్కలు నేర్పింది. అదీ దేవుడి దయే అనుకుంటాను, ఎందుకంటే నాకు అక్షరాలతో పాటు కథ చెప్పడం కూడా వచ్చింది. మధ్యాహ్నం పూట మా వఠారంలోని నాలుగు వాటాల ఆడవాళ్ళూ పనులు ముగించుకుని వచ్చేవారు. అవ్వ పక్కన కూర్చుని నేను పురాణం చదివేదాన్ని. అవ్వ పెట్టిన నియమం ఒకటుండేది. పుస్తకాన్ని అశుభం దగ్గర మూయకూడదు. ఎవరో చచ్చిపోయినచోట, ఎవరో అడవికి పోయినచోట, ఎవరో ఏడుస్తున్నచోట ఆపితే విన్నవాళ్ళ ఇళ్ళకు ఆ ఏడుపు వెంట వెళుతుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ఒక పెళ్ళో, ఒక వరమో, ఒక పట్టాభిషేకమో వచ్చేదాకా చదవాలి. గొంతు పోయినా చదవాలి. అప్పుడు మూసి కళ్ళకద్దుకోవాలి.

మా మరిది కిరణ్ సర్జాపుర రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. లాక్‌డౌన్‌లో ఊరంతా ఇళ్ళ తలుపులు మూసుకుని కూర్చున్న రోజుల్లో ఈ ఆట వాడే ఇంటికి తెచ్చాడు. వాడు నడిపితే కోటలోకి వెళ్ళేలోపే అందరం ఆవలించేవాళ్ళం. "వదినా, మీరు ట్రై చేయండి, మీకు కథలు వచ్చు కదా" అన్నాడు. చేశాను. వచ్చింది. కిరణ్, వాడి భార్య సుధ, మా ఆయన, ముగ్గురే నా ఆటగాళ్ళు. ఆదివారం దీపం పెట్టి, తీపి ఏదైనా ఒకటి చేసి, ఆట మొదలుపెట్టేదాన్ని. వారమంతా ఆలోచించి పెట్టుకునేదాన్ని: రాజధానికి ఎన్ని ద్వారాలు, ఏ ద్వారం మీద ఏ పక్షి బొమ్మ, రాణి ముక్కెర ఏ రాయిది. వాళ్ళు ఎంత అడవిలో తప్పిపోయినా, ఎంత దెబ్బ తిన్నా, చీకటి పడేలోగా ఒక ఊరు చేర్చి, ఆ ఊరివాళ్ళ చేత హారతి ఇప్పించి, అన్నం పెట్టించి, పడుకోబెట్టి ఆపేదాన్ని. అవ్వ నియమం తప్పలేదు.

మా ఆయన నా ఆటలో ఒక కాపలావాడు. ఏమడిగినా "సరే, నేనూ వస్తాను" అనేవారు. అంతే. ఆయన స్వభావమే అంత అనుకున్నాను. తక్కువ మాట్లాడే భర్తను ఇచ్చినందుకు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకున్నదాన్ని నేను.

తర్వాత కిరణ్, సుధ శనివారాలు కాడుగోడికి పోయి ఆమె దగ్గర కూడా ఆడసాగారు. ఒక శనివారం కిరణ్ ఆయన్ని కూడా తీసుకుపోయాడు. మెట్రోలో తోడుంటారని, అంతే. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆయన తనంతట తాను నోరు విప్పారు.

"నేను పడవవాణ్ణి" అన్నారు.

"ఏమిటి?"

"మిస్ అడిగింది, నువ్వేం పని చేస్తా ఉంటావప్పా అని. నోట్లో నుంచి వచ్చేసింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయేటప్పుడు ఏరు దాటేది పుట్టిలోనే. గుండ్రంగా, బుట్ట మాదిరి ఉండేది. నడిపే ముసలాయన నన్ను ఒకసారి తెడ్డు పట్టుకోనిచ్చినాడు."

చారు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా పెళ్ళినాటి పట్టుచీర జరీ నల్లబడింది. అన్నేళ్ళ కాపురం. ఆ బుట్ట పడవ సంగతి, ఆ ముసలాయన సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. "నాకెప్పుడూ చెప్పలేదే?" అంటే, "నువ్వు అడగలేదు గదా" అన్నారు. నిజమే. నేను ఆయనకు కాపలావాడి వేషం ఇచ్చాను, ఈటె ఇచ్చాను, ఈటె మీద చెక్కిన సింహం ఎలా ఉందో వర్ణించి మరీ ఇచ్చాను. ఆయనను ఏమీ అడగలేదు.

సాయంత్రం దీపం దగ్గర నాకొక అలవాటుంది. ఆ రోజు నాకు మేలు చేసిన ఒక్కొక్కరి పేరూ తలుచుకుని దణ్ణం పెడతాను. పాలవాడు, సుధ, పక్కింటి పిన్నమ్మ, ఎవరైనా సరే. ఆ శనివారం నుంచి ఆమె పేరు కూడా చేర్చాలని చూశాను. మా ఆయన నోరు విప్పించిన మనిషి, నిజానికి అందరికంటే ముందు చెప్పాల్సిన పేరు. పాలవాడిదీ పిన్నమ్మదీ వచ్చేవి. ఆమెది వచ్చేసరికి వత్తి ఎగదోసి లేచేదాన్ని.

ఒకసారి నేనే వెళ్ళాను, చూద్దామని. పొడవాటి మనిషి, నెరిసిన జుట్టు కత్తిరించుకుని, చీర కొంగు నడుముకు దోపుకుని, గోడవార పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గిన్నె నిండా వేరుశనక్కాయలు. ముందు స్టీలు తట్ట. పాచిక ఆ తట్టలో వేయాల్సిందే. అది గలగలమని తిరుగుతుంటే ఎవ్వరూ ఊపిరి తీయరు.

"రా తల్లీ, రా. వీళ్ళింటామె గదా నువ్వు? మీ ఆయన నీ గురించి శానా చెప్తాడు" అంది.

ఏం చెబుతారు అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. నాతో మాట్లాడని మనిషి, నా గురించి ఆమెతో మాట్లాడతారట. ఏది ఎక్కువ గుచ్చుకుందో ఇప్పటికీ చెప్పలేను.

కూర్చుని ఆమె తప్పులు ఏరుకోవడం మొదలుపెట్టాను. తప్పులకేం కొదవ లేదు. ఆ రాజ్యం పేరు ఆమెకే తెలియదు. ఎవరో అడిగితే, "నువ్వే చెప్పప్పా, నీ ఊరు గదా" అంది. ముందువారం చచ్చిపోయిన మంత్రి ఈ వారం సంతలో కనబడ్డాడు. కిరణ్ గుర్తుచేస్తే, "ఓ, సచ్చినాడు గదూ? అయితే వాని తమ్ముడు" అని ముందుకు పోయింది. ఎడారిలో నెల రోజుల ప్రయాణం ఉంది. నేనైతే ఆ ఎడారికే ఒక ఆదివారం ఇచ్చేదాన్ని. ఆమె గుప్పెడు పొట్టు చేత్తో ఊడ్చి పక్కన పడేసి, "తెల్లారింది. వచ్చేసినారు. కాళ్ళు బొబ్బలెక్కినాయి" అంది. నెల రోజులు, మూడు మాటలు.

ఆ తర్వాత ఒక మామూలు వంటింటి దగ్గర ఆగింది. అక్కడ ఎంతసేపు ఆగిందో! సుధ ఆ కథలో దొంగపిల్ల. దొంగతనానికి ఆ ఇంట్లో దూరింది. "లోపలికి పోయినావు. ఏం వాసన వస్తా ఉండాది?" అని అడిగి, ఆమె కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. సుధ తికమకపడింది. ఆమె తొందరపెట్టలేదు. ఒలిచిన పప్పులు నాలుగు సుధ ముందు పెట్టి మళ్ళీ ఒలవసాగింది. చివరికి సుధ నెమ్మదిగా, "మాడిన పాలు మిస్. ఎవరో పొయ్యి మీద పెట్టి మర్చిపోయినారు" అంది. ఆమె పీట మీద ముందుకు వంగింది. "ఎందుకు మర్చిపోయినారు?" అంది. అంతే, ఆ ఇంట్లో ఏదో ఘోరం జరిగిందని అక్కడున్న అందరికీ ఒకేసారి తెలిసింది. ఆమె మాత్రం ఆ మాట అననే లేదు. సుధ పైట బిగించుకుంది. సరిగ్గా అప్పుడు పీట మీద ఆమె తన గడ్డం కిరణ్ వైపు తిప్పి, "ఖో!" అంది.

ఖోఖోలో తరిమే పిల్ల, కూర్చున్న పిల్ల వీపు తట్టి ఖో అంటే, తట్టినామె అక్కడే కూర్చుంటుంది, తట్టించుకున్నామె లేచి పరుగెత్తుతుంది. ఆమె కథ నడపడమూ అంతే. ఒకరి గుండె దడదడలాడుతున్నప్పుడు అక్కడే కూర్చోబెట్టేస్తుంది, ఇంకొకరిని లేపుతుంది. కూర్చున్నవాళ్ళకు మళ్ళీ తమ వంతు ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస. ఒక్కరూ ఆవలించలేదు. నా ఇంట్లో హారతి పట్టే వేళకు కిరణ్ ఫోన్ చూసుకునే సంగతి గుర్తొచ్చింది.

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వెవురు తల్లీ ఈ కథలో?"

నేను సిద్ధపడి వచ్చాను. ఏడు తరాలుగా ఆరని దీపం ఒకటుంది, దాన్ని కాచే వంశం మాది, మా ముత్తవ్వ పట్టిన వ్రతం ఇది అని వంశమంతా చెప్పాను. చక్కగా చెప్పాను కూడా. ఆమె శ్రద్ధగా విన్నది.

"బాగుండాది తల్లీ. ముత్తవ్వ కూడా బాగుండాది" అంది. "ఇప్పుడు వాన పడతా ఉండాది. నీ దీపం ఆరిపోయింది. ఏం చేస్తావు?"

"ఆరదండీ. అదే కదా మా వ్రతం."

"నేనూ అదే గదా అడిగేది. ఆరకూడంది ఆరిపోయింది. చేస్తావేమి?"

నా ముందు నాలుగు పప్పులు వచ్చి పడ్డాయి. మా ఆయన నా వైపే చూస్తున్నారు, ముందుకు వంగి. ఇంట్లో ఎప్పుడూ అలా చూడలేదు. "తలుపు తడుముకుంటాను. ఎవరినైనా నిప్పు అడుగుతాను" అన్నాను. "తలుపు దొరికింది. గడియ మీద చెయ్యి పెట్టినావు. అవతల ఎవరో నీ మాదిరే గడియ తడుముతా ఉండారు" అంది. తట్ట పక్కకు జరిపింది. "సాకు, పొండి."

"అట్లా ఆపకూడదండీ" అన్నాను. గొంతు కొంచెం పెరిగిందేమో. "శుభం చెప్పి ఆపాలి. మా అవ్వ చెప్పేది, లేకపోతే ఆ దిగులు ఇంటికి వస్తుందని."

"వస్తాది తల్లీ" అంది, ఎంతో సంతోషంగా. "దిగులు మీ ఇంటికి వస్తే గదా మీరు మా ఇంటికి వచ్చేది!"

అందరూ నవ్వారు. మెట్రో దిగేదాకా ఆ గడియ నా చేతి కిందే ఉంది. మరునాడు పొద్దున దేవుడి దగ్గర దీపం వెలిగిస్తుంటే, ఆరిపోయిన ఆ దీపం గుర్తొచ్చి గాలి రాకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను. ఎంత తప్పు చేస్తోంది ఈ మనిషి అనుకున్నాను. అవతల ఎవరు అని కూడా అనుకున్నాను. మళ్ళీ శనివారం నా కాళ్ళే నన్ను కాడుగోడి తీసుకుపోయాయి.

ఆమె పద్ధతి నేనూ చేసి చూశాను, నా ఆదివారం ఆటలో. శిథిలమైన ఒక గుడిలోకి వాళ్ళను తీసుకువెళ్ళి, "ఏం వినిపిస్తోంది?" అని సుధను అడిగి గమ్మున కూర్చున్నాను. నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం. సుధ నా మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా, "ఏమక్కా, తర్వాతేమో మర్చిపోయినావా?" అంది. "నీళ్ళు తెచ్చేదా?" అని లేచింది కూడా. ఆమె ఊరుకుంటే అందరూ ఊపిరి బిగబట్టుకుంటారు. నేను ఊరుకుంటే నీళ్ళు తెస్తారు.

ఒక ఆదివారం ఆమెను మా ఇంటికి భోజనానికి పిలిచారు. పిలిచింది మా ఆయనే. ఒబ్బట్లు చేశాను, చిత్రాన్నం చేశాను. మూడు ఒబ్బట్లు తిని, "ఏం చేతులప్పా ఇవి!" అని నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. తర్వాత ఆటకు కూర్చుంది, నా ఆటగత్తెగా. ఆ రోజు కోసం నేను వారమంతా కట్టిన నగరం ఒకటుంది. దాని స్తంభాల మండపం దగ్గర మొదలుపెట్టాను. మొదటి వరుస స్తంభాల మీద ఏనుగులు, రెండో వరుస మీద హంసలు, మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి పక్క నుంచి "ఖో!" అని వినబడింది.

ఆమె వెంటనే నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, తప్పయిపోయింది తల్లీ! అలవాటు. చెప్పు, చెప్పు. మూడో వరుసలో ఏముండాది?"

ఆ మాట పూర్తి కాకముందే మా ఆయన నవ్వారు. పెదవులతో కాదు, కడుపులో నుంచి, కళ్ళ నీళ్ళు తిరిగేలా. ఆ నవ్వు మా ఇంటి గోడలు ఎప్పుడూ వినలేదు. నేనూ నవ్వాను, నవ్వక తప్పుతుందా. మూడో వరుసలో ఏముందో ఇప్పటికీ నాకు ఒక్కదానికే తెలుసు.

ఆట సగంలో ఆమె గోడకు ఆనుకుని నిద్రపోయింది. లేచాక ఏమీ సిగ్గుపడలేదు. "నీ మాదిరి చెప్పేకి నాకు రాదు తల్లీ. నువ్వు చెప్తా ఉంటే ఏ భయమూ లేదు. మా అమ్మ పక్కన పండుకున్నట్ల నిద్ర వచ్చేసింది" అంది. మెచ్చుకోలే, కల్మషం లేదు. గేమ్ మాస్టర్‌కు అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుందో ఆలోచించాను, తట్టలేదు.

చివరి శనివారం నేను వెళ్ళలేదు. ఏకాదశి. ఇంటికి వచ్చి మా ఆయనే చెప్పారు, చెప్పులు విప్పకుండానే. అందరినీ పడవ ఎక్కించుకుని ఏరు దాటిస్తున్నారట. మంచు కమ్మింది. వెనకాల ఒడ్డు పోయింది, ముందు ఒడ్డు రాలేదు. నీళ్ళ కింద ఏదో పెద్దది పడవను రాసుకుంటూ పోయింది. "తెడ్డు వదిలేస్తావా, పట్టుకోనుంటావా?" అని ఆమె అడిగిందట. ఈయన నోరు తెరిచేలోపే తట్ట జరిపేసిందట. "నేను ఏం చెప్పాలనుకున్నానో తెలుసా?" అన్నారు. "ఏం?" అన్నాను. చెప్పులు విప్పుతూ, "వద్దులే, శనివారం చెప్తా, ఆమెకే" అన్నారు.

మధ్యలో బుధవారం కబురు వచ్చింది.

కాడుగోడి మేడ మెట్ల మీద జనం. ఆమె నేర్పిన పిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులు, ఎంతమందో. ఒక్కొక్కరూ పక్కవాళ్ళకు చెప్పుకుంటున్నారు. నన్ను గుహలో ఆపింది. నన్ను ఉరికంబం దగ్గర ఆపింది. నన్ను మా నాన్నే శత్రువు అని తెలిసినచోట ఆపింది, తర్వాత నాకు చెన్నైకి ట్రాన్స్‌ఫర్ అయింది, కథలో ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఒకామె ఏడుస్తూనే నవ్వింది. నాకు కన్నీళ్ళు వచ్చాయి, రాలేదని అనను. కానీ ఆ మెట్ల మీద నిలబడి నేను ఆలోచించింది వేరు. నా గురించి ఎవరూ ఇలా చెప్పుకోరు. నేను నడిపించినవాళ్ళంతా క్షేమంగా ఇళ్ళకు చేరారు. క్షేమంగా చేరినవాళ్ళు దారి చూపినవాళ్ళను తలుచుకోరు.

మా ఆయన మళ్ళీ మునుపటిలా అయిపోయారు. అంతకంటే ఎక్కువ. పిలిస్తే ఉలిక్కిపడేవారు. ఒకసారి చారు పోస్తూ, "ఆమెకు చెప్పాలనుకున్నది నాకు చెప్పకూడదా?" అని అడిగేశాను. "ఇక్కడ ఎట్ల చెప్పేది? ఇక్కడ ఏరు లేదు గదా" అన్నారు. విసుగ్గా కాదు, నిజంగానే.

అప్పుడు కిరణ్ వచ్చాడు. "వదినా, మీరే ఫినిష్ చేయాలి. అన్నయ్యను చూస్తే భయంగా ఉంది. అందరం పడవలోనే ఉన్నాం. ఇంకెవరో కొత్తవాళ్ళు రన్ చేస్తే నాకు ఇష్టం లేదు."

"ఆమె ఆట అది. నేనెట్లా నడిపేది?"

"మీ స్టైల్‌లోనే నడపండి. ఒడ్డు చేర్చండి చాలు."

ఒడ్డు చేర్చడం నాకు వచ్చిన విద్యే. సగంలో ఆగిన పారాయణం ఎవరైనా పూర్తి చేయవచ్చు, పుణ్యం కూడా. కానీ నేను ఒప్పుకున్నది పుణ్యం కోసం కాదు. ఆ పడవ నా మాట మీద ఒడ్డుకు చేరితే, ఆయన మాటలు కూడా దానితోపాటు నా ఇంట్లోనే దిగుతాయని ఆశపడ్డాను. ఆమె మొదలుపెట్టినది నా చేతుల్లో ముగిస్తే, ఆయన నాకు దక్కుతారని. దేవుడి దగ్గర కూడా అదే అడిగాను, దాచకుండా.

శనివారం మధ్యాహ్నం కాటన్‌పేటలో మా నడవలో చాప వేశాను. సుధ, కిరణ్, మా ఆయన. దీపం పెట్టాను. ఆవలి ఒడ్డున ఒక ఊరు తయారుగా ఉంచుకున్నాను. మేళతాళాలు, అరటి స్తంభాలు, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ముత్తయిదువలు, చివరి వాక్యం దాకా.

మంచు గురించి నా పద్ధతిలోనే చెప్పాను. కనురెప్పల మీద ఎట్లా తడి పట్టిందో, తెడ్డు కర్ర ఎంత చల్లగా ఉందో. తర్వాత ఆయన వైపు తిరిగి ఆమె అడిగిన మాటే అడిగాను. "తెడ్డు వదిలేస్తారా, పట్టుకునే ఉంటారా?"

కిరణ్ అందుకోబోయాడు. చేత్తో ఆపాను. సుధ నీళ్ళకు లేవలేదు.

"వదిలేస్తాను" అన్నారు ఆయన. "ఏరు ఎటు తీసుకుపోతే అటు. ఆ ముసలాయన అదే చెప్పినాడు నాకు. మంచు పడినప్పుడు కొట్టుకోవద్దురా, నీళ్ళకు దారి తెలుసు అని. పుట్టి అడుగున తోలు ఉంటాది, దాని కింద నీళ్ళు పోతా ఉంటే అరికాలికి తెలుస్తాది. చెవి అక్కర్లేదు. నేను ఇప్పుడు చెప్పులు విప్పి నిలబడినాను. అందరూ గమ్మునుండండి. నా కాలికి తెలుస్తా ఉండాది."

చెబుతూనే ఉన్నారు. ఆ ఏటి రంగు, ఆ ముసలాయన బీడీ వాసన, అమ్మమ్మ ఊరి రేవులో రాళ్ళు. ఆమెకు చెప్పాలని దాచుకున్నదంతా నా చాప మీద కుమ్మరించారు. నేను ఒక్క మాటా కలపలేదు. పాచిక వేయమన్నాను. మంచి పందెమే పడింది. దేవుడికి మనసులోనే చెయ్యెత్తి మొక్కాను.

మంచు విచ్చుకుంది. ఒడ్డు వచ్చింది. మేళం వినబడింది. కిరణ్ దూకాడు, సుధ చెయ్యందుకుని దిగింది. ముత్తయిదువలు పళ్ళెం ఎత్తారు. నేను చివరి వాక్యం కోసం గొంతు సవరించుకున్నాను.

"నేను దిగలేదు" అన్నారు మా ఆయన.

"ఒడ్డు చేరాం కదండీ."

"మీరు చేరినారు. నేను పడవవాణ్ణి. ఆ పక్క ఇంకొకరు ఉండారు, దాటించాల." తెడ్డు లేని చేతులతో గాలిని వెనక్కి తోశారు. "పడవ తిప్పుకుంటాండాను."

ఆ పక్క ఎవరున్నారని నేను అడగలేదు, ఒళ్ళో వేరుశనక్కాయల గిన్నె నాకూ కనబడింది. మేళం వాయించేవాళ్ళు ఆగిపోయి నా ముఖం చూస్తున్నారు, పళ్ళెంలో హారతి వెలుగుతూనే ఉంది. సుధ కిరణ్ చెయ్యి పట్టుకుంది. పాచిక వేయించి, తప్పిందని చెప్పి, ఆయన్ను ఒడ్డున దింపేయవచ్చు. ఆట నాది.

"చీకటి పడేలోగా వచ్చేయండి" అన్నాను.

"చూస్తాలే" అన్నారు ఆయన, ఏటి మధ్య నుంచి.